రన్‌వే మీద పడుగు

ఆకాశంలోంచి దిగుతున్న మిలిటరీ విమానాన్ని ఒంటి చేత్తో వెనక్కి తిప్పినవాడిని నేను. అప్పటికి నాకు లాగు బొందు కట్టుకోవడం కూడా సరిగా రాదు. మామునూరు ఎయిర్‌పోర్టులో, పట్టపగలు, మా వాడకట్టు సగం చూస్తుండగా ఒక్క చెయ్యి పైకెత్తి ఆగమన్నాను. చెట్ల కొమ్మల దాకా వచ్చిన విమానం బుద్ధిగా ముక్కు పైకెత్తుకుని పోయింది. ఈ సంగతి ఇప్పటికి ఎన్ని పెళ్లిపందిళ్లలో, ఎన్ని రైలు పెట్టెల్లో, ఎన్ని దవాఖాన వరండాల్లో చెప్పానో నాకే తెలియదు. విన్నవాళ్లలో సగం మంది నమ్మారు. మిగతా సగం మంది మా అక్కను ఎరిగినవాళ్లు.

మొన్న మా మనవరాలు కొత్తగా కారు కొన్నది. ఎటైనా తిప్పుతానంటే, గుళ్లూ గోపురాలూ వద్దు, మామునూరు పోదామన్నాను. వెనక సీట్లో మా సత్తెక్క, ఆమె చేతికర్ర, ఆమె మంచినీళ్ల చెంబు. నాకన్నా అయిదారేళ్లు పెద్దది. నడుము వంగింది గానీ నాలుక ఇంకా నిటారుగానే ఉంది. ఆ ఎయిర్‌పోర్టు మళ్లీ తెరుస్తారని పేపర్లో పడడం, మేమంతా సంబరపడడం, ఆ తర్వాత అదే పేపర్లో మిర్చి బజ్జీలు కట్టించుకోవడం చాలాసార్లు జరిగింది. ఇప్పుడు మళ్లీ పడిందని పోయాం. కంచె అవతల గడ్డి, గడ్డి మధ్యలో పొడుగ్గా పడుకున్న ఆ నేల. కాపలా ఉన్న కుర్రవాడు లోపలికి పర్మిషన్ లేదన్నాడు. అక్క కారు అద్దం దింపి, "ఏం బిడ్డా, ఈ నేల మీద మేం గంజి పోసినోళ్లం. మమ్ముల్నే ఆపుతవా?" అన్నది. వాడు తెల్లమొహం వేశాడు. వాడి తప్పేం లేదు. రన్‌వే మీద గంజి ఎందుకు పోశామో తెలియాలంటే ముందు మా ఇల్లు తెలియాలి.

మాది కొత్తవాడ. జంపఖానాలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసే ఇల్లు. మా ఇంట్లో పొద్దు గంజి వాసనతో మొదలయ్యేది. కోడి కూసే వేళకే నాయనమ్మ పెరట్లో పెద్ద గుండిగను పొయ్యి మీదికెక్కించి జొన్నపిండి గంజి కాచేది. ముందు ఉడుకుతున్న జొన్న వాసన, దాని వెనక తడి నూలు వాసన, ఆ వెనక తాత పీల్చే నశ్యం వాసన. ఈ వరసలోనే నాకు మెలకువ వచ్చేది. గుండిగలోంచి ఒక ముంతెడు పక్కకు తీసి, ఉప్పు వేసి, పచ్చి ఉల్లిగడ్డ చేతిలో పెట్టి మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టేది. కానీ పడుగు తాగాకే మా వంతు. "ముందుగాల దానికి పొయ్యాలె. అది తాగితెనే మనకు బువ్వ" అనేది. అందుకే చాలా ఏళ్ల పాటు పడుగు అంటే మా ఇంట్లో ఇంకో పెద్ద కొడుకు అనుకున్నాను. మా బాపు మిల్లులో పనికి పోయేవాడు కాబట్టి ఆ పెద్దకొడుకు సేవంతా తాతదీ నాయనమ్మదీ అక్కదీ, చివరగా నాదీ.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. పడుగంటే మగ్గం ఎక్కించబోయే నిలువు పోగులు. వాటిని వాడ పొడవునా చాపి, రెండేసి వెదుళ్లు కత్తెరలా కట్టిన కర్రల మీద నిలబెట్టి, పెద్ద కుంచెతో గంజి పట్టిస్తారు. ఇక అది ఆరేదాకా పచ్చి బాలింతతో సమానం. చుట్టకూడదు, చుడితే పోగులన్నీ అంటుకుని మోకులా తయారవుతుంది. కింద పెట్టకూడదు, మట్టి పడుతుంది. సడలనివ్వకూడదు, చిక్కు పడుతుంది. అందుకని మా వాడలో ఒక కట్టుబాటు. తడి పడుగు వాడలో ఉంటే ఎంతటివాడైనా చుట్టు తిరిగి పోవలసిందే. పెళ్లి ఊరేగింపు వచ్చినా డప్పులు ఆపుకుని పక్క వాడలోంచి పోయేది. ఒకసారి పోలీసు అమీను సాబు కూడా గుర్రం దిగి, కళ్లెం పట్టుకుని వెనక్కి మళ్లాడని తాత చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ సాబుకు ప్రమోషన్ వచ్చేది. నాకు మీసాలు మొలిచేనాటికి అమీను కాస్తా సుబేదారు అయిపోయాడు. నా జబ్బు ఏ వైపు నుంచి సంక్రమించిందో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

అవి జంగు రోజులు, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. నూలు కంట్రోలులో ఉండేది, ఆ కంట్రోలు నూలు కూడా దొరికేది కాదు. మగ్గం గుంటలో పిల్లి పడుకునేది. అలాంటప్పుడు హసన్‌పర్తి అవతలి పల్లె నుంచి మరియమ్మ అనే ఆవిడ, నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని, నెత్తిన నూలు మూటలతో మా అరుగు దగ్గర దిగింది. మనిషి దిట్టం. నవ్వితే వాడంతా వినిపిస్తుంది. వాళ్లవి కూలీనాలీ చేసుకునే ఇళ్లు, కొందరికి కాస్త భూములున్నాయి. అంతా కలిసి పల్లెలో ప్రార్థన మందిరం కట్టుకున్నారు. కింద కూర్చోవడానికి ఈతచాపలు తప్ప ఏమీ లేవు. అక్కడ పరవడానికి ఒక జంపఖానా నేయించుకుందామని, మిల్లు నూలు దొరకదని తెలిసి, వానాకాలమంతా ఇంటింటా ఆడవాళ్లు చేలో పండిన పత్తిని వడికారు. తాత ఒక పోగు లాగి చూసి, "ఇది నూలా, బొంత తాడా అమ్మా? ఒక కాడ లావు, ఒక కాడ సన్నం" అన్నాడు.

"నాట్లేసే చేతులు రాజన్నా. నీ లెక్క సన్నగ రమ్మంటె ఎట్లొస్తది?" అంది మరియమ్మ, ఏమాత్రం నొచ్చుకోకుండా.

తాత పొడవు అడిగాడు. ఆమె చెప్పింది. అంత పొడవు ఒక్క పడుగుగా మా వాడలో పట్టదు, వంపు అడ్డం వస్తుంది. రెండు ముక్కలు నేసి మధ్యలో అతుకు వేస్తానన్నాడు తాత. మరియమ్మ నవ్వు ఆపేసింది.

"అతుకు వద్దు. రెండు ముక్కలు చేసినవనుకో, ముంగటి ముక్క భూములున్నోళ్లది అయితది, ఎనుకటిది మా అసోంటోళ్లది అయితది. ఆ అతుకు కాడ్నే గీత పడ్తది. ఈ నూలు అందరి ఇండ్లల్లది. ఏ మూలకు కూసున్నా ఒక్కదాని మీదనే కూసున్నట్టుండాలె. ఒక్కటే నెయ్యి. లేకుంటె మా మూటలు మాకియ్యి, ఈతచాపల మీదనే కూసుంటం."

తాత నశ్యం పీల్చి తుమ్మడం కూడా మరిచిపోయాడు. "సరే పో" అన్నాడు. ఆమె వాడ దాటిందో లేదో నాయనమ్మ అందుకుంది. "సరే అంటివి. ఏడ చాపుతవు? వంపు కాడ పడుగు గూడ వంపు తిరుగుతదా? చేతి నూలు, జర లాగితె తెగుతది. ఒక్కసారి ఆగమైతె మళ్ల ఏడ తెస్తవు నూలు? వాళ్లకు ఏమని మొకం చూపెడ్తవు?" తాత భుజాన తువ్వాలేసుకుని బయల్దేరాడు. రెండు రోజులు ఊరంతా తిరిగి, నిటారుగా, చదునుగా, ఎవరూ తొక్కని నేల కోసం వెతికాడు. మూడో రోజు నవ్వుకుంటూ వచ్చాడు.

మామునూరు ఎయిర్‌పోర్టును అప్పుడు మేం గాలిమోటర్ల మైదానం అనేవాళ్లం. దిమిసా కొట్టి సాపు చేసిన మొరం నేల. మైలు పొడుగు పడుగు చాపినా ఇంకా జాగా మిగులుతుంది. మాది మైలు పడుగే. సరే, మైలు కాదు. మా వాడంత పొడుగు, మళ్లీ అంతే పొడుగు. ఆ నేలకు ముగ్గురు హక్కుదారులు. ఒక రోజు షోకు జహాజు, అంటే గొప్పవాళ్లు తిరిగే విమానం, వచ్చేది. అందులోంచి రూమీ టోపీలూ, షేర్వానీలూ, అత్తరు వాసనలూ దిగేవి. ఇంకో రోజు సామాన్ల జహాజు. మిల్లు బట్టల బేళ్లు ఎక్కేవి, మిషన్ల సామాన్లు దిగేవి. మూడోది మిలిటరీ. దానికి ఒక రోజంటూ లేదు, ఎప్పుడు వస్తుందో ఎవరికీ చెప్పేది కాదు. అక్కడి చౌకీదారు ఖాసిం చాచా తాతకు దోస్తు. చాచా నమాజు చేసుకునే చాప తాత నేసిందే. రన్‌వే మీదికొచ్చే గేదెలనూ మేకలనూ రేకు బూర ఊది తోలడం ఆయన ఉద్యోగం. అందులో సగం మేకలు ఆయనవే.

"రేపు షోకు జహాజ్ లేదు రాజన్నా, సామాన్ జహాజ్ గూడ లేదు. మైదాన్ మొత్తం ఖాళీ. ఫికర్ చెయ్యకు, తెచ్చుకో నీ పడుగు" అన్నాడట చాచా.

"మరి మిల్ట్రోళ్లది?"

"అరే, వాళ్ల జంగు బర్మాల అయితాంది. ఈడ నీ జంపఖానా మీద బాంబెయ్య వస్తరా?"

"వస్తె రానియ్యి. తడి పడుగున్నదంటె ఆగరా? పెండ్లోళ్లే ఆగుతరు" అన్నాడట తాత. ఇంటికొచ్చి మాకు ఇదంతా చెప్తుంటే నాయనమ్మ నవ్వింది. తాత నవ్వలేదు. ఆయన పరాచికానికి అనలేదు మరి. తడి పడుగు ఉన్నచోట లోకమంతా చుట్టు తిరిగి పోతుందని పుట్టినప్పటి నుంచీ చూసినవాడు. ఆకాశంలో పోయేవాళ్లకు ఈ కట్టుబాటు తెలియదేమోనన్న అనుమానం ఆయనకు కలగనే లేదు.

మర్నాడు పొద్దు పొడిచే వేళకు మూడు బండ్లు మామునూరు చేరాయి. ఒక దాంట్లో నూలు, ఒక దాంట్లో కర్రలు, ఒక దాంట్లో గంజి గుండిగను కొడుకులా పొదువుకుని మా నాయనమ్మ. మా వాడ మగవాళ్లు కొందరు, మరియమ్మ పల్లె ఆడవాళ్లు చాలామంది. నాకైతే జాతరకు వచ్చినట్టుంది. మగవాళ్లు రెండు కొసలా మోకులు పట్టి లాగారు. మధ్యలో కత్తెర కర్రలు వరసగా నిలబడ్డాయి. కుంచెలు పడ్డాయి. ఎర్రటి మొరం మీద తెల్లగా, తడిగా, తళతళమంటూ ఆ పడుగు ఎండలో సాగిపోతుంటే, తాత ఒక కొస నుంచి రెండో కొస దాకా పోగులు సవరించుకుంటూ నడిచాడు. నడుస్తూ పాడుకున్నాడు. తాత పాడగా నేను వినడం అదే మొదటిసారి. ఇక వినలేదు, అందుకు దేవుడికి దండం పెట్టాలి. నాయనమ్మ గుండిగ దించిన పొయ్యి మీదే జొన్నరొట్టెలు మొదలుపెట్టింది. ఉల్లికారం నూరింది. ఖాసిం చాచా మేకలను కట్టేసి, రొట్టె కోసం బండి పక్కనే బైఠాయించాడు.

మొదట తుమ్మెద రొద అనుకున్నాం. అది తగ్గలేదు. చాచా రొట్టె నోట్లో పెట్టుకునే లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూసి, ఒక్క కేక పెట్టాడు. "హటో! హటో! మిల్ట్రీది! ఈడ్నే దిగుతాంది!"

"జరసేపు ఆగుమను. సగమే ఆరింది" అన్నాడు తాత.

"రాజన్నా! అది ఎడ్లబండి కాదు! ఆగుమంటె మీద ఏడ ఆగుతది?"

తాత మొహంలో అప్పుడు కనిపించిన ఆశ్చర్యం నేను మరిచిపోలేదు. భయం కాదు. ఇంతమంది పెద్దమనుషులు పాటించిన కట్టుబాటును ఒక మోటారు పాటించదా అన్న ఆశ్చర్యం. ఈలోగా మా మగవాళ్లలో ఒకడు చుట్టమన్నాడు, ఒకడు నేల మీద వేసి ఉరకమన్నాడు, ఒకడు ఎవరినీ ఏమీ అడక్కుండా ఉరికాడు. తాత పడుగుకు అడ్డంగా నిలబడి, "చుట్టిన్రంటె నన్ను గూడ దాంట్లనే పెట్టి చుట్టున్రి" అన్నాడు. వానాకాలమంతా వడికిన నూలు, ఇంకోసారి దొరకని నూలు, తడిసి ముద్దగా మైదానం నడిమధ్యలో ఉంది. పైన రొద పెద్దదైంది.

అప్పుడు మరియమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపింది. "చుట్టుడు లేదు, పెట్టుడు లేదు. అందరు కర్రలు పట్టున్రి. ఎత్తున్రి. పొద్దంత బురదల వరుస చెడకుండ ఎన్కకు నడుస్తం, ఒక్క పూట పక్కకు నడువలేమా? నేనంటె అడుగు. అడుగు... ఆఁ! అడుగు... ఆఁ!"

నాట్లు వేసే ఆడవాళ్లను మీరు చూసి ఉంటే ఇది మీకు కళ్లకు కడుతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోరు, అయినా గీత గీసినట్టు ఒకే వరసలో కదులుతారు. ఆ రోజూ అంతే. కత్తెర కర్రలన్నీ ఒక్కసారి నేల వదిలాయి. కొసల్లో మా మగవాళ్లు మోకులు బిగబట్టి అదే అడుగుకు అడుగు వేశారు. అంత పొడుగు తడి పడుగు ఒక పెద్ద జెర్రిలా, సడలకుండా, నేలకు తగలకుండా, అడ్డంగా నడిచింది. విమానం చెట్ల మీదికి వచ్చింది, కిందికి వంగింది. అదిగో, అప్పుడే నేను చెయ్యెత్తాను. అది లేచి పోయింది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి పడుగు రన్‌వే దాటి గడ్డిలోకి చేరింది. విమానం దిగి మా పక్కనుంచి పోతుంటే దాని ముక్కు పంకా గాలికి పడుగు తెరచాపలా ఉబ్బింది. కర్ర వదలకుండా పట్టుకున్న మా అక్క కాళ్లు గాల్లోకి లేచాయి. మరియమ్మ ఒక చేత్తో కర్రనూ ఇంకో చేత్తో అక్క జడనూ పట్టుకుంది.

విమానంలోంచి దిగినవాడు తెల్లదొర కాదు, మనవాడే. మీసాలు ఇంకా ఒప్పుకోని వయసు. ఏదో మరమ్మతు కోసం దిగాడట. వస్తూనే వచ్చీరాని ఉర్దూలో మండిపడ్డాడు. రన్‌వే మీద బట్టలారేసుకుంటారా, ఎవరి హుకుం, అందర్నీ కైదు చేయిస్తానన్నాడు. ఖాసిం చాచా రేకు బూరను వీపు వెనక దాచుకున్నాడు. పైలటు ఇంకా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. తాత పడుగు మీంచి తలెత్తకుండానే, "బిడ్డా, నీడ పడ్తాంది. జర ఆ పక్కకు నిలవడు, ఆర్తలేదు" అన్నాడు.

చాచా కళ్లు మూసుకున్నాడు. పైలటు తన నీడ వైపు చూసుకున్నాడు. పడుగు వైపు చూశాడు. కర్రలు మోస్తూ చెమటలు కక్కుతున్న ఆడవాళ్లను చూశాడు. రెండడుగులు పక్కకు జరిగాడు. అంతే, అయిపోయింది. జరిగినవాడు మళ్లీ కోపం తెచ్చుకోలేడు కదా. కాసేపటికి అతనూ, అతని వెంట వచ్చిన ఇద్దరు సిపాయిలూ, చేతులు నొప్పి పుట్టిన ఆడవాళ్ల దగ్గర కర్రలు అందుకుని నిలబడ్డారు. నాయనమ్మ రొట్టె తుంచి, ఉల్లికారం అద్ది, కర్ర పట్టుకున్న పైలటు నోట్లో పెట్టింది. కళ్లలో నీళ్లు కారుతుంటే ఇంకో ముక్క అడిగాడు. ఆ ఉల్లికారం ముందు జంగు ఎంత!

ఇక ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. చెయ్యెత్తిన మాట నిజమే. బండి కింది నుంచి ఎత్తాను. ఆపడానికి కాదు, చక్రం పట్టుకోవడానికి. చక్రాన్నీ, దేవుణ్నీ, నాయనమ్మ కొంగునూ ఒకేసారి పట్టుకుందామని చూశాను. కొత్త మైదానంలో దిగేవాళ్లు ముందు ఒక చుట్టు తిరిగి నేల చూసుకోవడం రివాజేనని ఖాసిం చాచా ఆ తర్వాత నాకు చెప్పాడు. అది ఎవరికీ చెప్పొద్దని చాచాను బతిమాలుకున్నాను. అక్క కాళ్లు గాల్లోకి లేవడం కూడా, జానెడో బెత్తెడో అయి ఉంటుంది.

ఇప్పటి ఎయిర్‌పోర్టులు నాకు తెలుసు. ఒకసారి ఢిల్లీ పోతుంటే శంషాబాదులో నా సంచిలోని మామిడికాయ తొక్కు సీసా పారేయించారు. బెల్టు విప్పమన్నారు, చెప్పులు విప్పమన్నారు. అద్దంలా మెరిసే ఆ నేల మీద నా నీడ ఎవరి మీద పడుతుందో అడిగేవాడు లేడు. ఇదంతా మన మంచికేనని నాకూ తెలుసు. రన్‌వే మీద గంజి కాచుకోనివ్వాలని నేను అర్జీ పెట్టబోవడం లేదు. కానీ మామునూరులో మళ్లీ విమానం దిగిన రోజున, దానికి ఎదురుపోయి ఒక జొన్నరొట్టె ఇవ్వాలని మాత్రం ఉంది. పోనిస్తారా?

జంపఖానా ఒక్కటిగానే పూర్తయింది. పల్లెలో పరిచిన రోజు మా అందరినీ పిలిచారు. ముందు ఎవరు కూర్చున్నారో, వెనక ఎవరు కూర్చున్నారో చూద్దామని ఆ పొడుగునా నేను అటూ ఇటూ పరుగెత్తాను. మరియమ్మ నా చెవి మెలిపెట్టి మధ్యలో కూలేసింది. తాత ఒక పక్కన కూర్చుని, ప్రార్థనంతా వినకుండా అంచులే చూసుకున్నాడు. విమానం సంగతిలో ఎంత కొట్టేసినా ఒప్పుకుంటాను గానీ ఒక్క సంగతి మాత్రం తగ్గించను. ఆ గాలిలో, ఆ దుమ్ములో, ఆ చేతి నూలులో ఒక్క పోగంటే ఒక్క పోగు తెగలేదు.

ఇంతవరకు రాసి, నిన్న అక్కకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ విన్నది. బండి కింద దాక్కున్నానని ఒప్పుకున్న చోట తలూపింది. చివరి మాట దగ్గర చేట పక్కన పెట్టింది.

"తెగలేదా? ఎవలు చెప్పిన్రు నీకు?"

"తాతనే చెప్పిండు గద అక్కా, వాడంత తిరిగి."

"వాడకు చెప్పిండు. తెగనియ్యి ఏడున్నయి, బొచ్చెడు తెగినయి. గాలికి ఆ పక్క మొత్తం పట్టపట్ట తెగింది. నువ్వు పైలటు టోపీ పెట్టుకొని ఎగురవడ్తివి, నీకేం తెలుసు? మరియమ్మ, నేను, తాత, ముగ్గురం గడ్డిల కూసోని ముడులేసినం. నా గోర్లల్ల గంజి వారం దాక పోలే. మరియమ్మ ఏడ్చింది, అతుకు పడ్తదేమోనని. తాత అన్నడు, ఏడ్వకమ్మా, ముడి వేరు, అతుకు వేరు, ముడేసినంక అది ఒక్కటే అని. జంపఖానా నిండ ముడులే, కూసుంటె కాళ్లకు తగిలేటియి. తెగలేదని రాయకు. తెగినయి, ముడేసినం. గట్ల రాయి."